అయ్యగారు చదవమన్న వచనం

జూన్ 8, ఆదివారం

ఈ రోజు మళ్ళీ అదే. అయ్యగారు చెప్పిన వచనం ఒకటి, నేను చదివింది ఇంకొకటి.

అప్పటికి చాలాసేపటి నుంచి తప్పిపోయిన గొర్రె గురించే చెబుతున్నారు. వాన, ముళ్ళు, కాపరి చెప్పుల్లేని కాళ్ళు... మందిరంలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. అప్పుడు అధ్యాయం, వచనం చెప్పి "చదువమ్మా కరుణా" అన్నారు. లేచాను. తీశాను. అక్కడ గొర్రె లేదు. గుడారానికి వేలాడదీసే తెరల కొలతలున్నాయి — ఇన్ని మూరల పొడుగు, ఇన్ని మూరల వెడల్పు. నా చెయ్యి దానంతటదే పేజీలు తిప్పేసింది. గొర్రె దగ్గరికి వెళ్ళి చదివేశాను. ఆయన "ఆమెన్" అన్నారు. అందరూ అన్నారు.

ఇలా జరగడం ఇదే మొదలు కాదు. ఎవరూ గమనించినట్టు లేదు. నాకు మాత్రం లోపల పురుగు తొలుస్తోంది — ఎందుకలా?

జూన్ 9, సోమవారం

కళ్ళేమో. శుక్లాల ఆపరేషన్ అయినప్పుడే కదా, "రెండు నెలలు నువ్వు చదివిపెట్టమ్మా" అని నన్ను నిలబెట్టింది. ఆ రెండు నెలలు ఏళ్ళయ్యాయి. కళ్ళు బాగయ్యాక కూడా ఆయన మళ్ళీ తీసుకోలేదు, నేనూ ఇవ్వలేదు.

కానీ వచనాల నంబర్లు ఆయన కాగితం చూసి చెప్పరే. నోటికే చెబుతారు. దానికీ కళ్ళకీ ఏమిటి సంబంధం?

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేదానికి లోకంలో జబ్బులన్నీ కళ్ళ జబ్బులే.

జూన్ 12, గురువారం

అయినా పిలిచాను. "అయ్యగారూ, మా షాపులో ఫ్రీగా చూస్తున్నారండీ, ఒకసారి రండి" అని. ఫ్రీ ఏమీ కాదు, షాపు సారుతో నేను ముందే మాట్లాడుకున్నాను. బందరు రోడ్డు బస్సులో అమ్మగారితో కలిసి దిగారు. ఆవిడ మంగళగిరి తెల్లచీర, చేతిలో మజ్జిగ సీసా. షాపులో ఇద్దరు కస్టమర్లు లేచి "ప్రైస్ ది లార్డ్ అండీ" అన్నారు. ఈయన్ని ఎరగనివాళ్ళు ఉన్నారా ఈ ఊళ్ళో?

బోర్డు మీది చివరి వరస కూడా గడగడా చదివేశారు. సారు ఆశ్చర్యపోయాడు. కళ్ళు అద్దాల్లా ఉన్నాయట.

వెళ్ళేటప్పుడు కళ్ళు పరీక్షించే మిషన్ కేసి చూస్తూ అడిగారు — "కళ్ళలోంచి ఇంకా లోపలికి, బుర్రలోకి చూసే మిషన్ లేదామ్మా మీ దగ్గర?"

నవ్వాను. ఆయనా నవ్వారు. ఊరికే అన్నారా? ఏమైనా తెలిసే అన్నారా?

జూన్ 15, ఆదివారం

ఈ రోజు రెండు. రెండూ సర్దేశాను. ఇప్పుడు నాకు అలవాటైపోయింది, ఆయన ప్రసంగం ఎటు నడుస్తోందో చూసుకుని ముందే అక్కడ వేలు పెట్టుకుని కూర్చుంటున్నాను. నంబరు చెప్పేటప్పుడు అసలు వినడమే లేదు.

వింత ఏమిటంటే కథ తప్పదు, పాట తప్పదు. మందిరం గుమ్మంలో నిలబడి ఎవరి పిల్లాడికి జ్వరమో, ఎవరి కూతురు నెల తప్పిందో పేరు పేరునా అడిగారు. నంబర్లే జారిపోతున్నాయి. నంబర్లేనా?

ఇంటికొచ్చాక అత్తయ్య కాళ్ళు చాపుకుని, "ఏం వాక్యమే! అయ్యగారి నోట దేవుడే మాట్లాడాడు" అంది. మా ఆయన రవి మాత్రం నా మొహం చూసి కనిపెట్టాడు. చెప్పాను. ఆటోనగర్‌లో లేత్ మిషన్ నడిపే మనిషి, వంకర ఉందంటే సరిచెయ్యాలంటాడు.

"ఆయనకే చెప్పెయ్."

"ఎలా చెప్పను?"

"నోటితో."

ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నలుగురిలో నోరు విప్పాలంటే వణికేదాన్ని. ఆయనే అందరి ముందూ "కూచిపూడి పక్క ఊరి పిల్ల, గొంతులో తాళం ఉంటుంది, చదవనివ్వండి" అని ఆటపట్టించి నిలబెట్టారు. రవికి యాక్సిడెంటైనప్పుడు ఆసుపత్రి వరండాలో మాతోపాటు నేలమీద కూర్చున్నారు. ఆ మనిషికి వెళ్ళి, "అయ్యగారూ, మీకు మతిమరుపు వస్తోంది" అని చెప్పాలా? నావల్ల కాదు. ఆయనంటే నాకు ప్రాణం.

జూన్ 18, బుధవారం

కాలవకి నీళ్ళు వదిలారు. గట్టు మీద పిల్లల కేకలు.

సాయంత్రం కూడిక ప్రకాశరావు గారింట్లో. సంఘ పెద్ద కాబట్టి ఆయనే మాట్లాడారు. కాపరి మాట వినే మందకి దారి తప్పదన్నారు. దైవజనుణ్ణి గౌరవించడం మన బాధ్యత అన్నారు. అంటూ ఒకసారి నా వైపు చూసి, వెంటనే చేతిలో ఉన్న గ్రంథంలోకి తల వంచేశారు. ఆ చూపేమిటి? ఆయనకేమైనా తెలుసా? ఆరాధనలో నాలుగో వరసలో కూర్చుంటారు, కళ్ళజోడు పెట్టుకుని ప్రతి వచనం తీసి చూసుకుంటారు. చూసుకుంటారా, ఊరికే పేజీలు తిప్పుతారా...

జూన్ 22, ఆదివారం

నలభయ్యో వచనం అన్నారు. ఆ అధ్యాయంలో ముప్పై కూడా లేవు!

ఏదో ఒకటి చదివాను.

జూన్ 24, మంగళవారం

అమ్మగారు ఫోన్ చేశారు. అయ్యగారు రమ్మంటున్నారట. షాపు నుంచి అటే వెళ్ళాను. అమ్మగారు నాకు టీ ఇచ్చి కూరగాయలకి బయల్దేరారు. వరండాలో ఆయనా నేనూ.

"నలభయ్యో వచనం ఎక్కడ దొరికిందమ్మా నీకు?"

టీ గ్లాసు కింద పెట్టేశాను.

"ఇంటికొచ్చి తీసి చూశాను. లేదు. మరి నువ్వు చదివావు. నేను ఆమెన్ అన్నాను."

"అయ్యగారూ..."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఈస్టర్ దగ్గర్నుంచండీ."

ఆయన కోపపడతారనుకున్నాను. కోపం లేదు. నాకు ఆశ్చర్యం వేసింది, ఆయన మొహంలో నాలో ఉన్నదే కనిపించింది. తెలుసుకోవాలని ఆత్రం. తను ఏయే వచనాలు తప్పారో అడిగారు. గుర్తున్నవన్నీ చెప్పాను. తెరల కొలతల దగ్గర నవ్వేశారు. "గొర్రెకి తెరలు కుట్టించానన్నమాట!"

తర్వాత కుర్చీ కాలవ వైపు తిప్పుకున్నారు.

"మొన్న ఒకాయన వచ్చి పొలం కౌలుకివ్వనా, నేనే చేసుకోనా అని అడిగాడమ్మా. ఏదో చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. ఆయన వెళ్ళి ఆ పని చేసేసి ఉంటాడు, నేను చెప్పానని. పెళ్ళిళ్ళు, ఆపరేషన్లు, పిల్లల పేర్లు... అన్నీ నన్నడిగే కదా చేస్తారు. నా బుర్ర జారుతోందని వాళ్ళకి తెలియొద్దూ?"

"మీరే చెప్పండి అయ్యగారూ సంఘానికి."

"చెప్పాను. ప్రకాశరావుకి చెప్పాను. 'అలసటండీ, మాకేం తేడా తెలియట్లేదు' అన్నాడు. తెలియనిస్తే కదా నువ్వు!"

నాకు ఏడుపొచ్చింది. ఆయన టీ గ్లాసు నా వైపు జరిపారు.

"ఇక నుంచి నేనేం చెబితే అదే చదువు. ఒక్క అక్షరం అటూ ఇటూ వద్దు. తెరలంటే తెరలే. లేని వచనమైతే లేదని చెప్పు. వాళ్ళ చెవులతో వాళ్ళు వినాలి. అప్పుడు నన్ను దింపుతారో, పక్కన ఇంకొకర్ని పెడతారో వాళ్ళే చూసుకుంటారు. ఎవరితోనూ అనకు, అమ్మగారితో కూడా. ముందే తెలిస్తే అందరూ కలిసి నా నోరు నొక్కేస్తారు, ప్రేమతోనే."

గేటు దగ్గర మళ్ళీ అడిగారు. "వింటావా నా మాట?"

"వింటానండి."

జూన్ 26, గురువారం

షాపులో ఒకావిడకి రెండున్నర పవర్ అద్దాలు ఇవ్వబోయి ఒకటిన్నర ఇచ్చాను. సారు చూడబట్టి సరిపోయింది.

ఆయన మాట వినడమంటే ఆయన్ని పదిమందిలో నిలబెట్టి పరువు తియ్యడం. వినకపోతే ఆయన కోరిందేదీ జరగదు. ఇలాంటి విధేయత గురించి ఏ కూడికలోనూ ఎవరూ చెప్పలేదే?

జూన్ 29, ఆదివారం

అన్నీ సరిగ్గా చెప్పారు! ఒక్కటీ తప్పలేదు. ప్రతిసారీ తెరలే వస్తాయనుకుంటూ లేచాను — అంతా సరిగ్గా ఉంది.

ఇంటికొస్తూ గమనించుకుంటే నాలో ఎక్కడో చిన్న నిరాశ. సిగ్గేసింది.

జూలై 2, బుధవారం

మా సంఘంలో దానం గారు పోయారు. గుండె. హనుమాన్ జంక్షన్‌లో తన టైర్ల కొట్టు దగ్గరే కూలబడిపోయారట. నిన్న మట్టి చేశారు. భార్య శాంతమ్మ గారు ఏడవలేదు కూడా, పెట్టె పక్కన కూర్చుని ఆయన చొక్కా గుండీలు పెడుతూనే ఉంది.

ఆదివారం వాళ్ళని ఓదార్చే ఆదరణ వాక్యం. కుటుంబమంతా వస్తారు.

జూలై 4, శుక్రవారం

ఈ ఒక్క ఆదివారం వదిలెయ్యమని అడగాలనుకున్నాను. ఫోన్ చేస్తే అమ్మగారు ఎత్తారు. "పడుకున్నారమ్మా, ఏమైనా చెప్పాలా?" "ఏం లేదండీ, ఊరికే." ఆవిడతో అనకూడదు కదా.

ఆదివారం ఆయన తప్పకపోతే బాగుండు. పొద్దుట్నుంచి ఇదొక్కటే ప్రార్థన.

జూలై 6, ఆదివారం

చదివాను.

శాంతమ్మ గారు ముందు వరసలో, నాకు రెండు చాపల అవతల. అయ్యగారు ఎంత మెత్తగా చెప్పారో. దేవుడు మనిషి కన్నీళ్ళు తుడుస్తాడని, తుడవడానికి చాలా దగ్గరికి రావాలని. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు నంబరు చెప్పారు. ఈసారి విన్నాను, ప్రతి అంకే. తీశాను. ఇంటి గోడలకి పట్టే తెగులు గురించి. యాజకుడు వచ్చి చూసి, తెగులు పాకితే రాళ్ళు ఊడదీయించి, ఇల్లు పడగొట్టి, ఊరి బయట పారబోయించాలని.

కన్నీళ్ళ వచనం ఎక్కడుందో నాకు తెలుసు. ఎడమచేతి వేలు అక్కడే ఉంది. ఎప్పటి అలవాటో.

కుడిచేతి దగ్గరున్నదే చదివాను.

పడగొట్టడం దాకా వచ్చేసరికి ఎవరో "అయ్యో" అన్నారు. మగవాళ్ళ వైపు దగ్గులు. నేను ఆగలేదు, ఆయన ఆపలేదు. పూర్తి చేసి తలెత్తి చూశాను. ఆమెన్ అనలేదు. కళ్ళు చికిలించి నన్నే చూస్తున్నారు. ఇప్పుడు చెబుతారు, "విన్నారా? ఇదీ నా పరిస్థితి" అని సంఘానికి చెబుతారు అనుకున్నాను. అందుకే కదా ఇదంతా.

"అదెందుకు చదివావమ్మా?" అన్నారు. "శాంతమ్మ కూర్చుని ఉండగా... అదెందుకు?"

నటన కాదు. ఆ మొహం నాకు తెలుసు. వరండాలో మాట్లాడుకున్నదేదీ ఆ మొహంలో లేదు.

"మీరే కదండీ..." అని ఆగిపోయాను. కూర్చున్నాను. ప్రకాశరావు గారు లేచి పాట ఎత్తుకున్నారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే ప్రకాశరావు గారు దగ్గరికొచ్చి అన్నారు — "ఇన్నాళ్ళూ అందరం ఎలాగోలా సర్దుకుపోతున్నాం కదా చెల్లెమ్మా. నువ్వూ సర్దుతున్నావు, చూస్తూనే ఉన్నాం. ఈ రోజే దొరికిందా నీకు?"

అందరం అన్నారు! అంటే...

జూలై 7, సోమవారం

అత్తయ్య మాట్లాడటం లేదు. నిన్న రాత్రి తనే అన్నం పెట్టుకుంది, కంచం తనే కడుక్కుంది. పొద్దున్నే ఉండబట్టలేక నేనే అడిగాను, "మీకూ తెలుసా అత్తయ్యా?"

"నాకు చదువు లేకపోతే చెవులు లేవా? గొర్రె అధ్యాయం నంబరు నీ పెళ్ళికి ముందు నుంచి వింటున్నా. తండ్రి లాంటోడు తడబడితే చెయ్యి పట్టుకుంటాం గానీ కాలు అడ్డం పెడతామా?"

రవి ఏదో అనబోయాడు. వద్దని సైగ చేశాను.

పొద్దుట్నుంచి లెక్కవేసుకుంటున్నాను. ప్రకాశరావు గారికి తెలుసు. అత్తయ్యకి తెలుసు. గ్రంథం తెచ్చుకునే ప్రతివాళ్ళూ పేజీ తిప్పేసుకుంటూనే ఉన్నారన్నమాట. మందిరమంతా కలిసి ఒక్క మనిషి దగ్గర దాస్తోంది. ఎంత ప్రేమ! ఆయన ఒక్కడే అక్కడ చీకట్లో నిలబడ్డారు. అందరం ఆయన్ని గౌరవించాం, ఆయన చెప్పబోయింది మాత్రం ఎవరమూ చెవిన పెట్టలేదు. నేను పెట్టాను, ఇప్పుడు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో తేలడం లేదు.

జూలై 9, బుధవారం

శాంతమ్మ గారి ఇంటికి వెళ్ళాను. కాళ్ళు పట్టుకుందామనే వెళ్ళాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకేం వినపడలేదమ్మా. గోడలన్నావు, అది వినపడింది. మా ఇంటి గోడలు ఆయనే కట్టాడు కదా, మేస్త్రీ రాకపోతే. ఆ తలపులోనే ఉన్నా."

కాసేపు గోడ చూపించింది. కిటికీ పక్క కొంచెం వాలుగా ఉంది. ఇద్దరం నవ్వాం, ఆవిడ ఏడ్చింది.

వచ్చేటప్పుడు తనే చెప్పింది. "టైర్ల కొట్టు సంగతి అయ్యగార్నడిగానమ్మా. భూస్థాపన రోజు ఉంచుకో, అదే నీకు అన్నం పెడుతుందన్నారు. నిన్న మళ్ళీ అడిగితే అమ్మెయ్యమన్నారు. దేవుడు మనసు మార్చుకున్నాడేమోలే. సోమవారం బేరగాడు సంతకానికి వస్తానన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చివరిసారి అడుగుతా. ఆయన ఎలా అంటే అలాగే."

నోటి దాకా వచ్చింది. ఎవరితోనూ అనకన్నారు కదా ఆయన. "ఇంకెవర్నైనా కూడా అడగండీ" అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "అయ్యగారుండగా ఇంకెవర్ని అడుగుతానే?"

కొట్టు పోతే ఆవిడకి వేరే ఆధారం లేదు. ఉంచుకుంటే నడపగలదా, అదీ నాకు తెలియదు. ఏది మంచిదో నాకేం తెలుసు? ఆయనకి తెలియదని మాత్రం తెలుసు.

జూలై 11, శుక్రవారం

ఉపవాస ప్రార్థనకి వెళ్ళాను. నా పక్క చాప ఖాళీగా ఉంది. ప్రకాశరావు గారమ్మాయి ఇక నుంచి చదువుతుందని పెద్దలు అనుకున్నారట. ఆ పిల్ల చురుకైంది, ఎటు పోవాలో వాళ్ళ నాన్న ముందే చెప్పి ఉంటాడు.

అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, ఎప్పటిలాగే. చెయ్యి పెట్టాక ఒక క్షణం ఆగారు. నా పేరు కోసమా?

చెప్పారు లెండి. కరుణ అనే చెప్పారు.

జూలై 12, శనివారం

సాయంత్రం అయ్యగారే ఫోన్ చేశారు, సొంతంగా.

"రేపు నువ్వే చదవాలమ్మా. ఎవరో చదువుతారని అంటున్నారు, నేనొప్పుకోలేదు. నీ గొంతు లేకపోతే నాకు దారి తెలియదు."

"సరేనండీ."

వెనక అమ్మగారు గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు.

"ఈమధ్య నాకు కొంచెం తడబాటుగా ఉంటోందమ్మా. ఎవరికీ చెప్పకు. నేను నంబరు తప్పు చెబితే నువ్వే సర్ది చదివెయ్. పదిమందిలో నన్ను..." అంత పెద్దమనిషి. "భయంగా ఉందమ్మా" అన్నారు.

ఆ రోజు వరండాలో అడిగింది కూడా ఈయనే. ఆ రోజు భయం లేదు. ఈ రోజు భయపడుతున్నది కూడా ఈయనే. ఏ అయ్యగారు నా అయ్యగారు? తెలివిగా ఉన్నప్పుడు అడిగినదాన్ని మోయాలా, భయపడి అడిగినదాన్నా? రేపు నేను సర్దేస్తే ఆరాధన చక్కగా అయిపోతుంది, అత్తయ్య మళ్ళీ మాట్లాడుతుంది. శాంతమ్మ గారు లేచి వెళ్ళి కొట్టు సంగతి ఆయన్ని అడుగుతుంది.

"వింటావా నా మాట?" అన్నారు ఫోన్‌లో.

వింటానండి అన్నాను. ఏ మాటో నాకే తెలియదు.